కాలువగట్టు దారి

విద్యార్థులారా! గోదావరీ నదీ పటమును ఒకసారి ముందఱ పెట్టుకొని చూడుడు. ధవళేశ్వరమును దాటిన పిదప ఆ మహానది రెండు పెద్ద పాయలుగా చీలును. తూర్పున పోవునది గౌతమి. పడమట పోవునది వసిష్ఠ. వసిష్ఠనుండి వైనతేయ యను మఱియొక పాయ విడివడి, ఓడలరేవు సమీపమున సముద్రమును చేరును. గౌతమికిని, వసిష్ఠకును, సముద్రమునకును నడుమ ముక్కోణపు ఆకారమున నున్న పచ్చని భూమియే కోనసీమ. అమలాపురము, రాజోలు, కొత్తపేట అందలి ప్రసిద్ధ స్థలములు. 2022వ సంవత్సరమున అమలాపురము ముఖ్యపట్టణముగా డాక్టర్ బి. ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా ఏర్పడినది.

ఈ సీమలో ఏ దిక్కునకు బయలుదేరినను కొంతదూరమునకే నీరు అడ్డువచ్చును. ఒకచోట నది, మఱియొకచోట పంటకాలువ, వేఱొకచోట మురుగుకాలువ. నీరున్నచోట గట్టు ఉండక తప్పదు. గట్టు ఉన్నచోట దారి ఏర్పడక తప్పదు. కార్లును లారీలును తిరుగు రహదారులు వేఱు. ఈ గట్ల దారులు వేఱు. వీనిపై పాదచారియు, పశువుల కాపరియు, సైకిలుపై పోవు విద్యార్థియు నెమ్మదిగా సంచరింతురు. అట్టి దారులు మనకెట్లు లభించినవి, వాని యుపయోగమెట్టిది, వానిని మనమెట్లు కాపాడుకొనవలెను అను విషయములను ఈ పాఠమున తెలిసికొందము.

కోనసీమలోని గట్లు రెండు విధములు. మొదటిది ఏటిగట్టు. వరదకాలమున నది పొంగి ఊళ్ళపై పడకుండ పాయల వెంబడి పోసిన ఎత్తైన మట్టికట్ట ఇది. రెండవది కాలువగట్టు. కాలువ త్రవ్వునపుడు తీసిన మట్టిని ఇరుప్రక్కల పోయగా ఇది ఏర్పడినది. ఒకటి నీటిని అడ్డగించుటకు పుట్టినది; ఒకటి నీటిని నడిపించుటకు పుట్టినది.

ఈ కాలువల కథ మీలో చాలమంది విన్నదే. నది నిండుగ పాఱుచున్నను పొలములకు నీరందక, 1830 దశకమున గోదావరి ప్రజలు ఘోరమైన కరవు పాలైరి. ఆ దుఃస్థితిని చూచిన ఆర్థర్ కాటన్ దొర 1847లో ధవళేశ్వరమువద్ద ఆనకట్ట నిర్మాణమునకు పూనుకొనెను. 1852 నాటికి అది పూర్తియైనది. వీణెం వీరన్నగారు ఆ మహాకార్యమున కాటనునకు కుడిభుజముగా నిలిచిరి. నూఱేండ్లకు పైగా సేవచేసిన ఆ ఆనకట్ట స్థానమున తరువాతి కాలమున క్రొత్త బరాజు వెలసినది. దానికిని కాటను పేరే పెట్టిరి.

ఆనకట్టవలన నిలిచిన నీటిని తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పడమటి డెల్టా అని మూడు భాగములకు పంచిరి. మధ్య డెల్టాయే మన కోనసీమ. బొబ్బర్లంకవద్ద తలుపుల గుండ బయలుదేరిన ప్రధాన కాలువ లొల్ల లాకులను చేరి, అచ్చట శాఖలుగా చీలి, చెట్టు కొమ్మలవలె సీమయంతట వ్యాపించును. పెద్ద కాలువనుండి పిల్లకాలువ, పిల్లకాలువనుండి బోదె, బోదెనుండి చేను. నీరు ఏ క్రమమున సాగునో గట్టును ఆ క్రమముననే సాగును. కనుక, విద్యార్థులారా, మన జిల్లాలో నీరు చేరిన ప్రతి యూరికిని ఒక గట్టుదారి కూడ చేరినదని గ్రహింపుడు.

ఆ కాలువలు పంటల కొఱకే గాక పడవల కొఱకు కూడ త్రవ్వబడినవి. మంచి రోడ్లు లేని ఆ దినములలో ధాన్యము, కొబ్బరికాయలు, కలప, పెండ్లివారు అందఱును పడవలపైననే పోయిరి. గాలి అనుకూలించినపుడు తెరచాప ఎత్తెడివారు. అనుకూలింపనపుడు పడవవారు గట్టుపైకి దిగి, త్రాటిని భుజమునకు తగిలించుకొని, పడవను లాగుచు నడచెడివారు. ఎండనక వాననక వారట్లు నడువగా నడువగా గట్టుపై బాట నలిగినది. నేడు మనము సైకిలుపై సుఖముగా పోవు దారికి మొదటి పనివారు వారే.

లాకు పనిచేయు విధమును కూడ తెలిసికొనదగును. కాలువలో ఎగువనీటి మట్టము హెచ్చుగను, దిగువనీటి మట్టము తక్కువగను ఉన్నచోట పడవ దిగుట యెట్లు? అచ్చట రాతిగోడలతో ఒక గదివంటిది కట్టి, రెండు కొనలందును తలుపులు పెట్టుదురు. ఎగువనుండి వచ్చిన పడవ గదిలో ప్రవేశించిన పిదప వెనుక తలుపులు మూయుదురు. తరువాత గదిలోని నీటిని మెల్లగా దిగువకు వదలుదురు. నీటితోపాటు పడవయు దిగును. మట్టములు సమానమైనంతనే ముందు తలుపులు తెఱచుకొనును. ఎగువకు పోవు పడవకు ఈ పనియే తలక్రిందుగా జరుగును. రోడ్లును వంతెనలును పెరిగిన కొలది పడవల రాకపోకలు తగ్గిపోయినవి. పడవ పోయినను బాట నిలిచినది. ఆ బాటపైకి సైకిలు వచ్చినది.

సైకిలు మనదేశమున పుట్టినది కాదు. 1817లో జర్మనీ దేశస్థుడైన కార్ల్ డ్రైస్ రెండు చక్రములు గల కఱ్ఱబండిని చేసెను. దానికి పెడళ్ళు లేవు. దానిపై కూర్చుండి కాళ్ళతో నేలను తన్నుచు పోవలెను. 1860 దశకమున ఫ్రాన్సు దేశమున ముందుచక్రమునకు పెడళ్ళు అమర్చిరి. 1885లో ఇంగ్లండున జాన్ కెంప్ స్టార్లీ అను నాతడు ఇంచుమించు సమానమైన రెండు చక్రములును, వెనుకచక్రమును త్రిప్పు చైనును గల సైకిలును తయారుచేసెను. 1888లో డన్‌లప్ గాలి నింపిన టైరును సైకిలునకు తొడిగెను. నేటికిని సైకిలు ప్రధానముగా ఆ రూపముననే యున్నది.

కోనసీమ సైకిలునకు పుట్టినిల్లు కాకపోయినను మెట్టినిల్లు అనవచ్చును. ఇచ్చట కొండ లేదు, గుట్ట లేదు. నేల పళ్ళెమువలె సమతలము. వాలు స్వల్పమగుటచే త్రొక్కువానికి ఆయాసము తక్కువ. రెండు మూడడుగుల వెడల్పుగల బాట దొరకినను సైకిలు సాగిపోవును. బోదెపై తాటిమ్రాను వేసినచో దానిని భుజముపై నెత్తుకొని దాటవచ్చును. పాలవాడు క్యాన్లను, రైతు కొబ్బరిగెలలను, చేపలవాడు బుట్టను దానికే కట్టుకొని పోవుదురు. నేను బాలుడనై యున్నపుడు మా యూరి సైకిళ్ళ దుకాణమున గంటకు ఇంత యని బాడుగకు సైకిళ్ళ నిచ్చెడివారు. పెడలుపై కాలానక, కడ్డీక్రింద కాలు దూర్చి అడ్డత్రొక్కుడు త్రొక్కి, కాలువగట్టు పచ్చికపై పడి లేచి నేర్చుకొన్నవారిలో నేనొకడను. తారురోడ్డుపై పడినవాని మోకాలు పగులును. గట్టు పచ్చికపై పడినవాడు నవ్వుచు లేచును.

ఇంత యెఱిగియు నేను ప్రధానోపాధ్యాయుడనైన పిదప ఒక తప్పు చేసితిని. దానిని మీకు చెప్పుట నా విధి.

ఇరువదేండ్ల క్రిందటి మాట. మా పాఠశాల పెద్దరోడ్డు ప్రక్కన ఉండెడిది. ఎనిమిదవ తరగతి చదువు బాలుడొకడు ప్రతిదినము ప్రార్థన ముగిసిన తరువాత వచ్చుచుండెను. వాని యూరు రోడ్డుమీదుగా మూడు కిలోమీటర్లు; కాలువగట్టు మీదుగా అయిదు కిలోమీటర్లు. వాడు గట్టుమీదుగా వచ్చును. మూడు దినములు చూచి, నాలుగవ దినమున వానిని తరగతి వెలుపల నిలువబెట్టి కారణ మడిగితిని.

“అమ్మ గట్టుమీద నుంచే వెళ్ళమందండి, మాస్టారూ” అని వాడు తలవంచుకొని చెప్పెను.

“దగ్గఱ దారి యుండగా దూరపు దారి యేల? రేపటినుండి రోడ్డునే రమ్ము” అని నేను గట్టిగా చెప్పితిని.

బాలుడు గురువు మాటను జవదాటలేదు. మఱునాటినుండి గంట కొట్టకమునుపే వచ్చుచుండెను. నేను సంతోషించి, సమయపాలనమునకు వానినే ఉదాహరణముగా తరగతిలో చెప్పితిని. మూడు వారములు గడచినవి. ఒకనాడు ఉదయము వాన కురియుచుండెను. బస్సును దాటిపోవలెనని ఒక లారీ రోడ్డు అంచువఱకు వచ్చినది. బాలుడు భయపడి సైకిలును ప్రక్కకు త్రిప్పెను. తారు అంచునకును ప్రక్క మట్టికిని జానెడు లోతు తేడా యుండెను. చక్రము జాఱినది, వాడు పల్లములోనికి ఎగిరిపడెను, సైకిలు లారీ చక్రముక్రింద నలిగినది. ప్రాణము దక్కినది గాని వాని కుడిచేయి రెండుచోట్ల విఱిగినది.

ఆ సాయంకాలము నేను వారి యింటికి పోయితిని. ఆ తల్లి నన్ను చూచి లేచి నిలుచుండి, అరుగుపై చాపవేసి, మజ్జిగ తెచ్చి యిచ్చెను. ఒక్క పరుషవాక్యమైనను పలుకలేదు. “ఆ దారిలో నీళ్ళ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు ఉండదని పంపించేదాన్నండి, మాస్టారూ” అని మాత్రము చెప్పెను. నాకు మజ్జిగ గొంతు దిగలేదు.

తరువాతి ఆదివారము నేను నా సైకిలుపై బాలుని యింటినుండి పాఠశాలవఱకు గట్టుమీదుగా వచ్చితిని. ఇరువది యైదు నిమిషములు పట్టినది. రోడ్డుమీదుగా పదునైదు నిమిషములు చాలును. తేడా పది నిమిషములు! చదువురాని తల్లి లెక్క సరియైనది. ప్రధానోపాధ్యాయుని లెక్క తప్పైనది. పది నిమిషముల కొఱకు నేనొక బాలుని భద్రమైన దారినుండి ప్రమాదపు దారికి మరల్చితిని. ఆ వారమే గట్టుమీదుగా వచ్చు విద్యార్థులకు ఉదయము పది నిమిషముల వ్యవధి నిచ్చి, ఆ విషయమును నోటీసు పుస్తకమున వ్రాసితిని. అప్పటినుండియే ఈ దారులను శ్రద్ధగా తిరిగి చూచుట నాకు అలవాటైనది.

ఆ దారులను ఇక మీకు పరిచయము చేసెదను. ముందుగా ఒక మాట. ఈ గట్లపై “కార్లు రాగూడదు” అని వ్రాసిన పలకలు తఱచుగా కనబడవు. బాట యిరుకగుటయే అచ్చటి నిషేధము. చాలచోట్ల కాలువకు ఒక గట్టున తారురోడ్డు పడినది. దానిపై అన్ని వాహనములును తిరుగును. రెండవ గట్టున మట్టిబాట మిగిలినది. సైకిలువాడు వెదకవలసినది ఆ రెండవ గట్టును. అచ్చటను మోటారుసైకిళ్ళు ఎదురగుచుండును గాని వేగముగా పోవుట కవకాశము లేదు.

ఎగువనుండి ప్రారంభింతము. బొబ్బర్లంక తలుపులనుండి ఆత్రేయపురము వైపు సాగు ప్రధాన కాలువ వెడల్పైనది, నిండైనది. పూతరేకులకు పేరుపొందిన ఆత్రేయపురము దాటి లొల్ల చేరినచో లాకులను చూడవచ్చును. తెల్లవాఱుజామున పోయినవానికి నీటిపై పొగమంచు, గట్టున కొబ్బరిచెట్ల నీడలు, రాటపై వ్రాలి చేపకై పొంచియుండు లకుముకిపిట్ట కనబడును. ఏ శాఖ యే యూరివైపు పోవునో అడిగి తెలిసికొనుడు. భూగోళపాఠము పుస్తకమున చదివినదానికంటె అచ్చట నిలిచి చూచినదే మనస్సున నాటుకొనును.

దిగువన పి. గన్నవరము. ఇచ్చట చూడదగిన వింత యొకటి కలదు. వైనతేయకు ఆవల నున్న రాజోలు ప్రాంతమునకు కాలువనీరు పోవుట యెట్లు? నడుమ నది యున్నది గదా! అందుకై నదిపై కమానులు కట్టి, వానిమీదుగా కాలువను దాటించిరి. ఇట్టి కట్టడమును అక్విడక్టు అందురు. 1850 దశకపు ఆరంభమున హేగ్ అను యువ ఇంజనీరు దీనిని కట్టించెను. ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పుగల 49 కమానులు దాని కాధారము. క్రింద నది యొక దిక్కునకు, పైన కాలువ మఱియొక దిక్కునకు పాఱుట చూచి ఆశ్చర్యపడనివారు లేరు. తరువాతి కాలమున దాని ప్రక్కనే క్రొత్త అక్విడక్టును నిర్మించి, ఆకలిగొన్నవారికి కులమత భేదము లేక అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఆమె ఆ లంకల గన్నవరమునకు చెందిన పుణ్యవతియే. ఇచ్చట వాహనముల రద్దీ యుండును గనుక సైకిలు దిగి, నడిపించుకొనుచు దాటుట మేలు.

కాలువలను విడచి నదివైపు పోయినచో ఏటిగట్టు వచ్చును. ఇది ఎత్తైనది. ఒక ప్రక్క నది, ఇసుకతిన్నెలు, లంకపొలములు; మఱియొక ప్రక్క దిగువన ఊళ్ళు, కొబ్బరితోటలు. గట్టుపైనుండి చూచినపుడు ఊరి యిండ్లు నదికంటె ఎంత పల్లమున నున్నవో తెలియును. ఆ దృశ్యము సుందరమైనదే గాని, దానిలో ఒక హెచ్చరికయు నున్నది. దానిని తరువాత చెప్పెదను. సఖినేటిపల్లినుండి వసిష్ఠ వెంబడి దక్షిణముగా పోయినచో నది సముద్రమున కలియు అంతర్వేది చేరుదుము. లక్ష్మీనరసింహస్వామి ఆలయము, దీపస్తంభము అచ్చట కలవు.

గట్టుదారి ముగిసినచోట రేవు మొదలగును. ముక్తేశ్వరమునకు ఎదురుగా గౌతమి యావలి యొడ్డున కోటిపల్లి కలదు. సఖినేటిపల్లికి ఎదురుగా వసిష్ఠ యావలి యొడ్డున నరసాపురము కలదు. రేవులందు పెద్ద పంటుపై మోటారు వాహనములు కూడ ఎక్కును. లంకలకు పోవు చిన్నపడవపై మాత్రము సైకిలు ఎక్కగలదు గాని కారు ఎక్కజాలదు. 2002లో యానాము, ఎదుర్లంకల నడుమ గౌతమిపై వంతెన ప్రారంభమైనది. పాశర్లపూడి, బోడసకుఱ్ఱుల నడుమ వైనతేయపైనను, పూర్వము పంటు నడచినచోట, వంతెన పడినది. అర్ధరాత్రి ప్రసవవేదన పడు స్త్రీని ఆసుపత్రికి చేర్చుటకు వంతెనకంటె మేలైనది లేదు. దానిని నిందింపరాదు. కాని వంతెనతోపాటు లారీయు ఊరిలోనికి వచ్చినది. కనుకనే లారీకి దాని దారి, బాలునికి వాని దారి ఉండవలెను.

ఇతర దేశములందును ఈ ప్రశ్నయే పుట్టినది. నెదర్లాండ్స్ దేశము కొంతవఱకు మన కోనసీమను పోలియుండును. అచ్చటి నేలయు పల్లమైనది. అచ్చటను కాలువలు, వరదగట్లు మెండు. రెండవ ప్రపంచయుద్ధమునకు పిమ్మట అచ్చట కార్లు విపరీతముగా పెరిగినవి. 1971లో రోడ్డు ప్రమాదములందు మూడువేలకు పైగా ప్రజలు మరణించిరి. వారిలో నాలుగువందలకు పైగా బాలబాలికలు! అపుడు తల్లిదండ్రులు వీథులలోనికి వచ్చి, “పిల్లల ప్రాణములు తీయుట మానుడు” అని ఉద్యమించిరి. 1973లో పెట్రోలు కొఱత ఏర్పడగా ప్రభుత్వము కొన్ని ఆదివారములు కార్లను నిషేధించినది. ఆ దినములలో ప్రజలు నిర్జనమైన రహదారులపై సైకిళ్ళు త్రొక్కి, తాము కోల్పోయినదేమో తెలిసికొనిరి. ఆ పిదప అచ్చటి ప్రభుత్వములు సైకిళ్ళకు ప్రత్యేక మార్గములు నిర్మించినవి. నేడు పిల్లలు సైకిలుపై బడికి పోవుట అచ్చట నిత్యదృశ్యము.

ఫ్రాన్సు దేశమున 1681లో పూర్తియైన మిడి కాలువ గట్టుపై పూర్వము గుఱ్ఱములు పడవలను లాగెడివి. నేడా గట్టుపై సైకిలు యాత్రికులు పోవుచున్నారు. దక్షిణ అమెరికాలోని బొగోటా నగరమున 1974లో మొదలైన ఆచారము ననుసరించి ఆదివారములందు నూఱు కిలోమీటర్లకు పైగా వీథులను కార్లకు మూసి, నడచువారికిని సైకిలువారికిని విడిచిపెట్టుదురు. మన తెలుగునేలపై హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు మార్గము తెఱచిరి. దాని కప్పుపై సూర్యకాంతితో విద్యుత్తు పుట్టించు పలకలు పఱచిరి. వారందఱును ధనము వెచ్చించి సంపాదించుకొన్నదానిని మనకు పడవలవారి పాదములు ఎన్నడో సిద్ధముచేసి యిచ్చినవి. దానిని పోగొట్టుకొనకుండుటయే మన పని.

ఇపుడు ఆ హెచ్చరికను చెప్పెదను. గట్టు ముందు రక్షణకు, పిమ్మటనే దారికి. 1986 ఆగస్టు నెలలో గోదావరికి మహావరద వచ్చినది. ధవళేశ్వరమువద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు ప్రవహించినది. క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. ఏటిగట్లకు గండ్లు పడి ఊళ్ళు మునిగినవి. 2022 జులైలో మఱల 25 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చి లంకలను ముంచివేసినది. మొదట సన్నని చెమ్మగా కనబడిన చోటనే గండి పడుట కలదు. ఎలుక బొఱియయు, ఎండ్రకాయ బొఱియయు, ట్రాక్టరు చక్రపు గాడియు పెద్దగండికి బీజములు కాగలవు.

ధవళేశ్వరమువద్ద ప్రవాహము 10 లక్షల క్యూసెక్కులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 13 లక్షలకు చేరినపుడు రెండవదానిని, 17 లక్షలకు చేరినపుడు మూడవదానిని ఎగురవేయుదురు. మొదటి హెచ్చరిక వినబడినంతనే ఏటిగట్టుపై విహారము మానవలెను. అప్పుడు ఆ గట్టు ఇసుకబస్తాలు మోయువారిది, కాపలా తిరుగువారిది. చిన్నపడవల ప్రయాణమును కట్టిపెట్టవలెను.

ఇతర దినములలో పాటింపవలసిన నియమములు కొన్ని కలవు. బయలుదేరుటకు ముందు బ్రేకులు, గంట, టైర్లలో గాలి చూచుకొనుడు. గట్టు నడుమనే పొండు. నీటి అంచునకు పోరాదు. వానకాలమున నల్లమట్టి సబ్బువలె జాఱును. అట్టిచోట దిగి నడువుడు. పశువులు ఎదురైనచో సైకిలు ఆపి దారి యిండు. ప్రొద్దుక్రుంకిన పిదప ఒంటరిగా పోకుడు. పాములు సంచరించు వేళ అది. ఈత నేర్చుకొనుడు. పడవపై సైకిలును గట్టిగా పట్టుకొని, పడవవాడు చెప్పినచోటనే నిలువుడు. గట్టుపై పగులు గాని, ఊట గాని కనబడినచో ఇంటికి పోయి పెద్దలకును, లాకు సిబ్బందికిని తప్పక చెప్పుడు. అనుదినము ఆ దారిన పోవు విద్యార్థి కన్నులకంటె మంచి కావలి గట్టునకు మఱియొకటి లేదు.

నేడు గట్లకు వరదకంటె వేఱైన ప్రమాదములు కూడ కలవు. ఒకరు పాక వేయుదురు. దాని ప్రక్కన మఱియొకరు కొట్టు పెట్టుదురు. ఊరి చెత్తయంతయు గట్టున చేరును. కాలువలో గుఱ్ఱపుడెక్క పెరిగి నీటిని బంధించును. గట్టు మట్టిని త్రవ్వి ఇంటికి తోలుకొనువారును కలరు. ఇట్లు బాట తెగినచోట సైకిలుపై వచ్చు బాలుడు గత్యంతరము లేక రోడ్డెక్కును. గట్టున బారెడు బాట తెగుటయనగా ఒక విద్యార్థిని లారీ ముందునకు త్రోయుటయే యని పెద్దలు గ్రహింపవలెను.

బీహారు ప్రభుత్వము 2006లో బాలికలకు సైకిళ్ళ పథకమును ప్రారంభించినది. దానివలన ఉన్నత పాఠశాలలకు పోవు బాలికల సంఖ్య పెరిగినది. మన రాష్ట్రమునను తొమ్మిదవ తరగతి బాలికలకు ప్రభుత్వము సైకిళ్ళు పంచిన కాలము కలదు. సైకిలు ఇచ్చుట సగము మేలు. ఆ సైకిలునకు భద్రమైన దారి ఇచ్చుటతో ఆ మేలు పూర్తియగును.

విద్యార్థులారా! మీరొక పని చేయుడు. ఒక కాగితముపై మీ యింటినుండి పాఠశాలవఱకు గల దారులన్నిటిని గీయుడు. రోడ్డును ఎఱ్ఱరంగుతోను, గట్టుదారిని పచ్చరంగుతోను దిద్దుడు. ఒక్కొక్కదానికి ఎన్ని నిమిషములు పట్టునో వ్రాయుడు. బాట తెగినచోట ఒక గుర్తు పెట్టుడు. ఆ పటమును మీ ఉపాధ్యాయునకును, గ్రామ పంచాయతీ పెద్దలకును చూపుడు. పిల్లల పటమని వారు త్రోసిపుచ్చినచో మఱల గీసి మఱల చూపుడు.

మొన్న సంక్రాంతి దినములలో నేను ఆ పాతగట్టుమీదుగా పోవుచుండగా ఎదురుగా సైకిలు గంట వినబడినది. ముందు కడ్డీపై చిన్న సీటులో ఆఱేండ్ల బాలిక కూర్చుండియున్నది. తండ్రి సైకిలు దిగి నాకు నమస్కరించెను. వాని కుడిచేయి మోచేతివద్ద కొంచెము వంకరగా నుండుటచే నేను గుర్తుపట్టితిని.

“పాపని బడికి తీసుకెళ్తున్నానండి, మాస్టారూ. ఆలస్యమవుతుందేమోనండి” అని వాడు నవ్వుచు చెప్పెను.

“కానిమ్ము నాయనా, మెల్లగానే పొమ్ము” అని నేను దారి యిచ్చి ప్రక్కకు నిలిచితిని.